జవాబు చెప్పొద్దన్న మా కింది ఇంటి ఓమా

మా కింది ఇంటి ఓమా పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం, నేను స్కూలు వంటగదిలో క్యారెట్లు తరుగుతుండగా ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. అమ్మ పొద్దున ఆరింటికి వెళ్ళిపోయింది, బాధ పడలేదు అంది. నేను సరే అన్నాను. ఫోన్ ఏప్రన్ జేబులో పెట్టుకుని మిగిలిన క్యారెట్లు తరిగాను. ఆ రోజు పిల్లల పళ్ళాల్లో ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో పడ్డాయి.

ఓమా అంటే ఇక్కడి జర్మన్ మాటలో అమ్మమ్మో, నానమ్మో. ఆవిడ మాకు ఏ చుట్టమూ కారు. బ్యోబ్లింగెన్‌లో మేం అద్దెకుంటున్న ఇంట్లో కింది వాటా ఆవిడది, పై వాటా మాది. మా అబ్బాయి నాలుగేళ్ళప్పుడు ఓమా అని పిలవడం మొదలుపెడితే మేమూ అదే పట్టుకున్నాం. మన సంఘంలో చాలామంది ఆవిణ్ణి చూసే ఉంటారు. క్రిస్మస్ భోజనాల్లో నా పక్కన కూర్చుని, గోంగూర పచ్చడి తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం వేయమన్న పెద్దావిడే. ఆవిడ గురించి రాయమని పాస్టరమ్మగారు అడిగారు. రాయడం నాకు అలవాటు లేదు. ఇంటర్ దాకానే చదివాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొదటి పరిచయం మెట్ల మీద. ఈ ప్రాంతంలో ఇంటి వాటాల్లో ఉండేవాళ్ళు వారానికొకరు మెట్లు శుభ్రం చేయాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక తగిలిస్తారు. మేం వచ్చిన రెండో వారమే ఆ పలక మా తలుపుకి వేలాడింది. సంగతి తెలుసుకుని, నేను మన వైపు వాకిలి కడిగినట్టు బకెట్టెడు నీళ్ళు గుమ్మరించి చీపురు పట్టాను. తడిగుడ్డతో తుడిస్తే చాలునని నాకెవరూ చెప్పలేదు. నీళ్ళు మెట్టు మెట్టూ దిగి ఆవిడ తలుపు కిందుగా లోపలికి పోయాయి. తలుపు తెరుచుకుంది. ఆవిడ తడిసిన చెప్పులతో నిలబడి, నీళ్ళ వంక చూసి, నా వంక చూసి, ఈ మెట్ల మీద ఇరవై ఏళ్ళలో జరిగిన కొత్త సంగతి ఇదొక్కటే అన్నారు. అప్పటికి నాకు అర్థం కాలేదు. తర్వాత మావారు విడమరిచి చెప్తే, తిట్టలేదన్నమాట అనుకున్నాను. ఎలా తుడవాలో మాత్రం ఆవిడ చెప్పలేదు. మరుసటి వారం తన వంతు వచ్చినప్పుడు తలుపు తీసి పెట్టుకుని, నాకు కనపడేలా నెమ్మదిగా తుడిచారు.

ఆవిడ తీరే అంత. అడగందే చెప్పరు. అడిగినా సగమే చెప్తారు.

ఆరేళ్ళ క్రితం ఆవిడ భర్త పోయారు. ఆ తర్వాత ఏడాదికి ఆవిడకి కళ్ళు మసకబారాయి. చూపులో నడిమి భాగం పోయింది, అంచులే మిగిలాయి అనేవారు. నేను కూరగాయలు తెచ్చిపెట్టి, ఉత్తరాలు చదివిపెట్టేదాన్ని. ఒక గురువారం ఉత్తరాలన్నీ అయ్యాక, ఇంకో పని ఉంది, సిగ్గుగా ఉంది అడగడానికి అన్నారు. లోపలి గదిలో బల్ల మీద పాత కంప్యూటర్ ఉంది. రంగు మారి పాత పళ్ళెంలా పసుపెక్కింది. అందులో ఒక ఆట. నాకు చూసి చెప్పేవాళ్ళు కావాలి, ఏం కనపడితే అది చెప్పు చాలు అన్నారు.

వీడియో గేమంటే కాల్చుకోవడం, గెంతడం అనుకునేదాన్ని. ఇది అది కాదు. ఒక ఓడరేవు ఊరు. గడియారాలు బాగుచేసే ఒకతను తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ ఆ ఊరికి వస్తాడు. రాగానే అక్కడి గోపురం గడియారం ఆగిపోయి ఉంటే బాగుచేస్తాడు. మనం అతణ్ణి వీధుల్లో తిప్పాలి. మనుషులతో మాట్లాడించాలి. దొరికిన తాడో, కొక్కెమో, డబ్బా నూనో ఎక్కడ పనికొస్తుందో మనమే కనిపెట్టాలి. తొందర లేదు, చచ్చిపోవడం లేదు. తోచకపోతే అక్కడే నిలబడి ఉంటాడు.

ఆ ఆటని ఆవిడా భర్తా కలిసి కొన్నారట, పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి, కూతురు ఇల్లు విడిచి వెళ్ళిన చలికాలంలో. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆడేవారట. చివరి భాగంలో రేవు గోపురం తలుపు దగ్గర ఇరుక్కుపోయారు. లోపల గోపురం కాపలా ముసలాయన గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు, ఎంత కొట్టినా తలుపు తీయడు. తలుపు తెరుచుకుంటేనే అన్న సంగతి తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. తెరుచుకోలేదు.

ఇలాంటి ఆటలకి ఎక్కడ ఏం చేయాలో వరసగా రాసిపెట్టిన కాగితాలుంటాయి. మా అబ్బాయి వాక్‌త్రూ అంటాడు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చేవట. ఒకసారి భర్త ఆగలేక అలాంటి పత్రిక కొనుక్కొస్తే, ఆవిడ ఆ నాలుగు పేజీల అంచులూ స్టేప్లర్‌తో కొట్టి మూసేసి తిరిగి ఆయన చేతికే ఇచ్చారు. ఆయన పోయేదాకా ఆ పిన్నులు ఊడదీయలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నవ్వారుగానీ, ఆయనకి తెలుసుకోవాలనే ఉండేది, పాపం, నాకోసమే ఆగాడు అన్నారు. ఆయన తెలుసుకోకుండానే పోయారు. అందుకే ఆ తలుపు తన చేత్తో తెరవాలని ఆవిడకి. ఎవరో తెరిచి పెట్టింది కాదు.

అలా గురువారం మధ్యాహ్నాలు మావి అయ్యాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఆవిడ చెయ్యి మౌస్ మీద, నా చెయ్యి ఆవిడ చెయ్యి మీద. నేను తెరమీద ఉన్నవన్నీ చెప్పేదాన్ని. పేరు తెలియనిదాన్ని చేతులతో చూపించేదాన్ని, ఆవిడ పేరు చెప్పేవారు. నిచ్చెన, లంగరు, తుప్పు, గొళ్ళెం, ఎండుచేప. నాకు వచ్చిన జర్మన్ సగం ఆ ఊళ్ళోనే నేర్చుకున్నాను. టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, ఆఫీసుకి ఫోన్ చేయడం ఇప్పటికీ నాకు భయమే గానీ, ఓడ తాడుకి ఎన్ని రకాల ముళ్ళున్నాయో చెప్పగలను.

ఏ పనికైనా ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి కారు. ఎగతాళి మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఒక్కసారి అన్నారు, "మీ దేవుణ్ణి కూర్చుని చూడమను, పర్వాలేదు. జవాబు మాత్రం చెప్పొద్దను." ఆ రోజు నేను కూడా నవ్వాను.

మా అబ్బాయి కొలోన్‌లో చదువుకుంటున్నాడు. సెలవులకి వచ్చి మా ఇద్దర్నీ చూసి, "ఏంటమ్మా మీరు, ఆటలో ఒక్క బకెట్ కోసం మూడు గురువారాలా? వాక్‌త్రూ చూస్తే ఒక్క సాయంత్రంలో అయిపోద్ది కదా" అన్నాడు. అదే మాట ఓమాతో జర్మన్‌లో అన్నాడు. ఆవిడ వాడికి కేకు ముక్క కోసి పెడుతూ, "ఆ కాగితం రాసినవాడికి ఆ ఊరు నచ్చలేదు నాన్నా. ఎంత త్వరగా బయటపడదామా అని చూశాడు" అన్నారు.

నిజానికి మేం చేసినవన్నీ వృథా పనులే. పనికిరాని గుమ్మాలన్నీ తట్టాం. రేవులో చేపలమ్మే ఆవిడతో అవే మాటలు పదిసార్లు మాట్లాడాం. పదకొండోసారి ఆమె కొత్త మాట చెప్పింది, తన కొడుకు గురించి. ఆటకి ఆ మాట ఏ రకంగానూ అక్కర్లేదు. ఓమా మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, చూశావా, మనకోసం దాచుకుంది అన్నారు.

పోయిన శరదృతువులో ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పిన మాట కూతురు నాకు చెప్పింది. చలికాలం దాటడం కష్టమట. ఆవిడ డాక్టర్ని ఎన్నాళ్ళని అడగలేదట.

అప్పటికి మేం ఆటలో సగం దాటాం, అంతే. గోపురం ఇంకా చాలా దూరం. నాకు ఒకటే ఆరాటం. ఈవిడ ఆ తలుపు తెరవకుండా పోకూడదు. మన వైపు జబ్బుమనిషి ఏది కోరితే అది చేతిలో పెట్టడమే మనకి తెలిసిన ప్రేమ. ప్రార్థన చేశాను, రోజులు పొడిగించమని. తర్వాత ఆ ప్రార్థన మీద ఆగలేక అబ్బాయికి ఫోన్ చేసి ఆ కాగితాలు పంపమన్నాను.

"ఓమాకి తెలిస్తే?" అన్నాడు వాడు.

"తెలియదులే. నేను చూస్తేనే కదా ఆవిడ చూసేది."

ఈ మాట నేనే అన్నాను.

పన్నెండు పేజీలు. అబ్బాయి ఫోన్‌లో వాటిని తెలుగులో చెప్తుంటే, బస్ స్టాపులో నిలబడి చివరిదాకా విన్నాను. గోపురం తలుపు సంగతి కూడా విన్నాను. ఆ తర్వాత మూడు గురువారాలు ఆట పరిగెత్తింది. అటకమీద ఏదో మెరుస్తున్నట్టుంది ఓమా అనేదాన్ని. ఆ పీపా వెనక చూద్దామా అనేదాన్ని. అన్నీ సరిగ్గా కుదిరేవి. నాలుగు నెలల పని మూడు వారాల్లో అయింది. ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ మాటలు తగ్గిపోయాయి. నొప్పి వల్లేమో అనుకున్నాను.

మూడో గురువారం, తాళాలు చేసేవాడి కొట్లో, సొరుగులో ఉన్న నూనె డబ్బా తీసుకుందాం అన్నాను.

ఆవిడ మౌస్ మీదనుంచి చెయ్యి తీశారు. "సొరుగు ఇంకా తెరవలేదు కదా" అన్నారు.

నేను నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడే మళ్ళీ, "ఇన్నేళ్ళూ నువ్వు తప్పులు చెప్పేదానివి. గొళ్ళేన్ని చేప అనేదానివి. ఈ మూడు వారాలూ ఒక్క తప్పు లేదు. నాతో ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నట్టుంది" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఏడ్చాను. అంతా చెప్పాను, బస్ స్టాపు సంగతి, పన్నెండు పేజీల సంగతి, డాక్టరు మాట కూతురు నాకు చెప్పిన సంగతి. మీరు తెరవకుండా పోతారని భయమేసింది ఓమా అన్నాను. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నారు. తర్వాత, ఈ మూడు వారాలకి ముందు సేవ్ చేసిన ఆట ఉందా అని అడిగారు. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకుని మళ్ళీ అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ఉందన్నాను. దాన్ని తెరవమన్నారు.

"అంత టైము లేదు కదా ఓమా," అన్నాను. ఆ మాట నోరు జారిన తర్వాతగానీ ఏమన్నానో తెలియలేదు.

"ఉన్నంత చాలు. నీకు తెలిసింది నీలోనే ఉంచుకో. నాకు మాటివ్వు," అన్నారు. ఇచ్చాను.

వెనక్కి వెళ్ళాం. ఈసారి నేను తెరమీద ఉన్నదే చెప్పాను, ఉన్నదంతా చెప్పాను, అంతకుమించి పలకలేదు. ఆవిడ తప్పు వీధిలోకి తిప్పినప్పుడు నోటిదాకా వచ్చేది. పళ్ళు బిగబట్టుకునేదాన్ని. అన్నీ తెలిసి ఊరుకునేవాడికి ఎంత కష్టంగా ఉంటుందో యాభై ఏళ్ళు ప్రార్థన చేసినా నాకెప్పుడూ తట్టలేదు. ఆవిడ మాత్రం మళ్ళీ పాత మనిషి అయ్యారు. వారానికి రెండు రోజులు, ఓపిక ఉంటే మూడు రోజులు కూర్చునేవారు. తాళాలవాడి సొరుగు ఆవిడ తనంతట తానే తెరిచిన రోజు, వంటగదిలోకి నడిచి వెళ్ళి కాఫీ తనే కలిపారు. ఫిబ్రవరి చివరికి గోపురం తలుపు దగ్గరికి చేరాం.

అక్కడ ఆగిపోయాం. తలుపు కొట్టాం. పిలిచాం. కిటికీకి రాళ్ళేశాం. ఆయనా నేనూ ఇవన్నీ చేశాం అనేవారు ఆవిడ ప్రతిసారీ. మార్చిలో ఆవిణ్ణి, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌కి మార్చారు. కంప్యూటర్ ఇంట్లోనే ఉండిపోయింది. నేను పని అయ్యాక వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే, కళ్ళు మూసుకుని, ఇప్పుడెక్కడున్నాం అని అడిగేవారు. గోపురం ముందు అని, కుడిపక్క చేపల కొట్టు, ఎడమపక్క సముద్రం, వాన ఆగింది అని గుర్తున్నదంతా చెప్పేదాన్ని. అలా నడిచేవాళ్ళం.

ఆ సోమవారం కూడా వెళ్ళాను. కమలాపండు ఒలుస్తున్నాను. ఆవిడ ఆట గురించి ఏమీ అడగలేదు. వాళ్ళ అమ్మమ్మ పోయిన రోజు గురించి చెప్పుకొచ్చారు. అప్పట్లో ఇంట్లో ఎవరైనా పోతే గోడ గడియారాన్ని ఆపేయడం ఇక్కడ ఆనవాయితీ అట. వాళ్ళ అమ్మ గడియారం తలుపు తీసి లోలకాన్ని చేత్తో పట్టుకుందట. "ఎప్పుడూ వినపడే శబ్దం కదా, ఎవరూ పట్టించుకోం. అది ఆగేసరికి అందరం గదుల్లోంచి బయటికి వచ్చేశాం, ఏమైందని," అన్నారు.

అని ఆగిపోయారు. తర్వాత కళ్ళు తెరవకుండానే అన్నారు.

"గోపురం గడియారాన్ని మొదట్లో మనమే బాగుచేశాం. మళ్ళీ ఆపి చూడలేదు."

అదే జవాబు. పన్నెండో పేజీలో ఉన్నది అదే. గడియారాలు బాగుచేసేవాడు తను బాగుచేసినదాన్నే తన చేత్తో ఆపాలి. గంట వినపడకపోతే లోపలి ముసలాయన తలుపు తీస్తాడు. ఆవిడా భర్తా ఏళ్ళ తరబడి వెతికింది, ఆవిడ ఆ మంచం మీద, ఎవరూ చెప్పకుండా కనిపెట్టారు. అవును ఓమా అన్న మాట నా గొంతులోకి వచ్చేసింది.

"ఒలవడం ఆపేశావేం?" అన్నారు ఆవిడ.

నేను మళ్ళీ ఒలవడం మొదలుపెట్టాను. మాటిచ్చాను కదా. పైగా, నాకు తెలుసు అని చెప్తే అది మళ్ళీ ఆ కాగితాల జవాబే అవుతుంది, ఆవిడది కాకుండా పోతుంది అనిపించింది. ఇంటికెళ్ళి చేసి చూసి, తలుపు తెరుచుకుంది ఓమా, నేను చూశాను అని నిజంగా చెప్పాలనుకున్నాను. ఆవిడ కూడా అదే అడిగారు. చేసి చూడు, ఏం కనపడిందో వచ్చి చెప్పు అన్నారు. రేపు పని అవగానే చేసి నేరుగా వస్తానన్నాను. ఆవిడ రెండు తొనలు తిన్నారు. తియ్యగా ఉందన్నారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

ఒక్క మాట. అవును అంటే సరిపోయేది. నేను చేసింది సరైనదేనా అని అప్పటినుంచీ ప్రభువుని అడుగుతూనే ఉన్నాను. మా అబ్బాయి, ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది అమ్మా, నీ చేతులు ఆగాయి కదా అంటాడు. అంతటి మనిషికి అర్థమయ్యే ఉంటుందని కొన్ని రోజులు నేనూ నమ్ముతాను. కొన్ని రోజులు నమ్మలేను.

సమాధి కార్యక్రమం అయిన వారం కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. నేనూ సాయం వెళ్ళాను. కంప్యూటర్‌ని శనివారం పాత సామాన్లు పారేసేచోటికి తీసుకెళ్తానంది. అమ్మ ఆ ఆట పూర్తి చేసిందా అని అడిగింది. చేసిందని వినాలని ఆమెకు ఎంతో ఉంది, కళ్ళలో కనపడింది. లేదమ్మా, కానీ ఎలాగో తెలుసుకుంది అన్నాను. ఒక గంట టైమిస్తావా అని అడిగాను. ఆమె పెట్టెలు పక్కకి జరిపి, తల్లి కుర్చీలో కూర్చుంది.

ఆ బల్ల ముందు మౌస్ నేనొక్కదాన్నే పట్టుకోవడం అదే మొదటిసారి. అతణ్ణి గోపురం వెనక్కి నడిపించాను. గోడలోని చిన్న తలుపు తీయించాను. లోలకం అటూ ఇటూ ఊగుతోంది. దాని మీద నొక్కాను. అతను చెయ్యి చాచి పట్టుకున్నాడు.

శబ్దం ఆగింది. ఇన్నేళ్ళూ ఆ ఆటలో అలాంటి శబ్దం ఒకటుందని నేను గమనించనే లేదు. అతణ్ణి ముందువైపుకి తీసుకొచ్చి నిలబెట్టాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నాకు తెలియకుండానే, జర్మన్‌లో, ప్రతి గురువారం చెప్పినట్టే పైకి చెప్పడం మొదలుపెట్టాను. తలుపు కదిలింది. కొంచెం తెరుచుకుంది. ఒక ముసలాయన. చేతిలో లాంతరు ఉంది, ఇంకో చేత్తో తలుపు పట్టుకున్నాడు. చెప్పులు లేవు. గడప దాటి బయటికి వచ్చాడు. తలెత్తి పైన ఆగిపోయిన గడియారం వంక చూస్తున్నాడు.